బయట గడియ

మార్చి 3

చీపురు దొరికింది. బకెట్, మగ్ దొరకలేదు. ఈ దేశంలో జనం స్నానాలెలా చేస్తారో దేవుడికే తెలియాలి. చివరికి మొక్కలకు నీళ్ళు పోసే డబ్బా కొన్నాను. అది చూసి అక్క నవ్వింది. నేను వచ్చాక నవ్వడం ఇదే మొదలు. నవ్వగానే పెదవి చిట్లి రక్తం వచ్చింది. చలికి పగిలిందట. చలికి ఒక పక్కే పగులుతుందా? నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా?

మార్చి 5

చూశాను. పప్పులో ఉప్పు ఎక్కువైందని బావగారు గిన్నె విసిరాడు. పప్పు గోడకి, గిన్నె అక్క భుజానికి. అంతటితో ఆగాడా, జుట్టు పట్టుకుని ఫ్రిజ్‌కేసి కొట్టాడు. ఆరో నెల కడుపుతో ఉన్న మనిషిని! నేను వాడి చెయ్యి కొరికాను. ఒక్క విదిలింపుకి సోఫా అవతల పడ్డాను. తర్వాత వాడు చెయ్యి కడుక్కుని, ఆఫీస్ కాల్‌లో కూర్చుని ఇంగ్లీషులో ఇకిలించాడు. ఇక వాణ్ణి బావగారని రాయను.

అక్క గోడ తుడుస్తూనే అంది, పడకగదికి ఒక్క గడియ ఉంటే చాలే, వాడి కోపం దిగేదాకా లోపలుంటాను అని.

మార్చి 6

మన ఇళ్ళలో ప్రతి తలుపుకీ లోపల గడియ, బయట గొళ్ళెం. ఇక్కడ ఒట్టి గుండ్రటి నాబ్. ఒక షాపులో సైకిల్ తాళం చూపించారు, ఇంకోచోట సూట్‌కేస్ తాళం. మూడోచోట, గడియని ఇంగ్లీషులో ఏమంటారో తెలీక, పిడికిలి బిగించి, అందులో వేలు ఆడించి చూపించాను. కౌంటర్ దగ్గర మనిషి ముఖం ఎర్రబడింది. ఛీ ఛీ.

మార్చి 8

దొరికింది! ఊరి చివర ఇనుప సామాన్ల కొట్టు. మేకల దొడ్డి తలుపుకి వాడతారట. పర్లేదు, మా ఇంట్లోనూ పశువే ఉంది.

మార్చి 10

ఒక్క తోపు తోశాడు. గడియ మరలతో సహా ఊడొచ్చింది. తలుపు పైకి చెక్క, లోపలంతా అట్ట. నొక్కి చూడకుండా బిగించిన నన్ననాలి.

ఊడిన గడియతోనే కొట్టాడు. అక్క కడుపుకి చేతులు అడ్డం పెట్టుకుంది. రెండు వేళ్ళు విరిగాయి. నాకు కనుబొమ చీలింది.

వాణ్ణి చంపాలని ఉంది. మాటవరసకి రాయడం లేదు.

మార్చి 11

మెట్ల మీంచి జారానని ఆస్పత్రిలో చెప్పింది అక్క. మేం ఎక్కి దిగేది లిఫ్ట్. వాడు కారు పార్క్ చేసి వచ్చేలోపు నర్స్ నన్ను పక్కకు పిలిచి, మొగుడి దెబ్బలు తప్పించుకుని వచ్చే ఆడవాళ్ళకి చోటిచ్చే ఇల్లుందని చెప్పింది. వెళ్దామంటే అక్క ఒప్పుకోలేదు. గుమ్మం దాటనిస్తాడా, అక్కడే చంపేస్తాడు అంది.

గుమ్మం. అంతే కదా.

మార్చి 13, పొద్దున

వాడు జిమ్‌కి వెళ్ళాడు. ఇంట్లో వాడు ఆఫీస్ పని చేసుకునే గదికి ఆ ఊడిన గడియే బిగించాను. బయటివైపు. ఈసారి తలుపులోంచి ఇవతలి నుంచి అవతలికి వెళ్ళే బోల్టులతో. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, కాబట్టి లోపలున్నవాడు తోయలేడు, లాగాలి. పట్టుకోవడానికి నాబ్ ఒక్కటే. దాని మరలు వదులు చేశాను. గడియ కనపడకుండా పైన వాడి కోటే తగిలించాను.

మార్చి 13, మధ్యాహ్నం, బస్సులో

వాడు కాల్‌లో ఉండగా గడియ పెట్టాను. లాగాడు. నాబ్ ఊడి చేతికొచ్చినట్టుంది, వెల్లకిలా పడ్డ చప్పుడు వినిపించింది. నాకు భలే నవ్వొచ్చింది.

తర్వాత కుర్చీతో బాదాడు. బూతులు. కాల్‌లో అవతలివాళ్ళు హలో హలో అంటూనే ఉన్నారు. అట్ట చిరిగి చెయ్యి బయటికొచ్చింది, గడియ కోసం తడిమింది. చపాతీ కర్రతో వేళ్ళ మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు. మళ్ళీ కొట్టాను. చాలే, చచ్చిపోతాడే అని అక్క ఏడ్చింది. ఏడుస్తూనే కర్ర నా చేతిలోంచి లాక్కుని, కట్టు లేని చేత్తో తనూ ఒకటి వేసింది. చెయ్యి లోపలికి పోయింది.

అక్క చెప్పులేసుకుంది. గుమ్మం దాటాం. లిఫ్ట్‌లోంచే పోలీసులకి ఫోన్ చేసి, గడియ తీస్తే మనిషి దొరుకుతాడని చెప్పాను.

మార్చి 14

నర్స్ చెప్పిన ఇంట్లో మా గదికి లోపల గడియ ఉంది. అక్క పెడుతోంది. తీస్తోంది. మళ్ళీ పెడుతోంది.