హార్ష్ అంటే

మార్చి 3, మంగళవారం

ఆయన చెవికి వినికిడి మెషిన్ పెట్టించాం. ఏళ్ల తరబడి రేకులు కోసే షెడ్డులో పనిచేసిన చెవులు. రెండు వారాలు ట్రయల్. నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. క్లినిక్ అమ్మాయికి తెలుగు రాదు, ఆయనకు ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను, నా హైస్కూల్ చదువు. ఏ శబ్దమైనా హార్ష్‌గా ఉంటే చెప్పమంది. తలూపాను. హార్ష్ అంటే నాకు తెలియదు. అడగడానికి సిగ్గేసింది.

మార్చి 4

మరిదికి ఫోన్ చేసి అడిగాను. హార్ష్ అంటే నీ గొంతుకు సరిగ్గా ఆపోజిట్ వదినా, నువ్వు అరిచినా చీమ కూడా పక్కకు తప్పుకోదు అని నవ్వాడు. తర్వాత, పెద్ద చప్పుడని అర్థం, అంతే అన్నాడు.

ఏదైనా మరీ పెద్దగా వినిపిస్తోందా అని ఆయన్ను అడిగాను. లేదే అన్నారు. క్లినిక్‌కు ఫోన్ చేసి నో హార్ష్ అన్నాను. అయితే సౌండ్ కొంచెం పెంచుకోమంది. ఏ బటన్ నొక్కాలో చెప్పింది. పెంచాను.

మార్చి 8, ఆదివారం

కుళాయి కారుతుంటే విని, తనే లేచి వెళ్లి కట్టేశారు. దేవుడి దయ.

మార్చి 10

పొద్దున్నే నేను ప్రార్థనకు కూర్చోగానే మెషిన్ తీసి డబ్బాలో పెడుతున్నారు. నేను లేవగానే మళ్లీ పెట్టుకుంటున్నారు. చెవికి కాస్త గాలి ఆడాలి కదే అన్నారు.

మార్చి 13, ఉదయం

గాలి సంగతి నమ్మలేదు. మళ్లీ అడిగాను. చాలాసేపు తువ్వాలు మడతపెట్టారు. ఏమనుకోకే, నీ గొణుగుడు మొదలైతే చెవిలో ఇసుకేసి గిన్నె తోమినట్టుంటోంది అన్నారు. పెద్దగా ఉందా అన్నాను. పెద్దగా కాదే, గీరుకుంటోంది అన్నారు.

పాలు పొంగాయి. పొయ్యి తుడిచాను.

సాయంత్రం

డిక్షనరీ చూశాను. కర్కశం, కఠోరం, పరుషం. రాక్షసుల గురించి చెప్పేటప్పుడు విన్న మాటలు. పెద్ద చప్పుడే కానక్కర్లేదు. చిన్నదైనా చెవికి గరుకుగా తగిలితే హార్షే. తెలియక సౌండ్ పెంచింది నేనే.

బటన్ నొక్కి తగ్గించాను. గరుకు పోయిందన్నారు. నా మాటా పోయింది. మళ్లీ పెంచాను. మంగళవారం ఇచ్చేద్దాంలే, ఇన్నాళ్లూ ఇది లేకుండా బతకలేదా అన్నారు. బతికాం. ఉప్పు కావాలా అని చేతులతో అడుగుతూ.

మార్చి 17

క్లినిక్. ఏది హార్ష్‌గా ఉందో అడిగింది ఆ అమ్మాయి. చెవికి గరుకుగా తగిలేది ఏదని అడుగుతోంది అని ఆయనకు చెప్పాను. నా ముఖంలోకి చూశారు. బస్సు హారన్ అని చెప్పవే, ఇంట్లో మాట పరాయి పిల్లకెందుకు అన్నారు.

హారన్ అంటే ఆ పిల్ల హారన్‌నే తగ్గిస్తుంది.

మై వాయిస్ అన్నాను. మై వాయిస్ ఈజ్ హార్ష్.

వినపడలేదు, గట్టిగా చెప్పండి ఆంటీ అంది. ఇంకోసారి చెప్పాను. ఏమీ అనిపించలేదు. రేషన్ కార్డు నంబరు చెప్పినట్టుంది.

కంప్యూటర్‌లో సరిచేస్తాను, మీరు మాట్లాడుతూనే ఉండండి అంది. ఏం మాట్లాడాలో తోచక ప్రార్థనే అందుకున్నాను. ఆ అమ్మాయి కీలు నొక్కుతూ పోయింది. ఆయన పళ్లు బిగించుకుని కూర్చున్నారు. ఒకచోట దవడ వదులైంది. ఇక్కడ ఉంచమనవే, ఇది నువ్వే అన్నారు.

మెషిన్ ఉంచేసుకున్నాం.

మార్చి 18

పొద్దున మెషిన్ తియ్యలేదు. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు.

ఆయన మీద నా ఫిర్యాదులన్నీ ఇన్నేళ్లూ ఈ ప్రార్థనలోనే, పైకే చెప్పుకున్నాను. దేవుడికి తప్ప ఎవరికీ వినపడవని.

ఈ రోజు పెదవులు మాత్రమే కదిపాను.

బ్యాటరీ అయిపోయినట్టుంది, చూడవే అన్నారు.