తెల్ల బట్ట మీద తెల్ల దారం

చిరంజీవి బావమరిదికి,

కత్తెర పట్టే చేత్తో కలం పట్టి బావ ఆశీర్వదించి రాయునది. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో అయితే నా నాలుగో మాటకే "మీటింగుంది బావా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు. కింద ఏం తిట్టానో చూడాలనిపిస్తుంది.

సంగతేమిటంటే, ఊరి బ్యాండువాళ్ళు ఇరవై రెండు మందికీ కోట్లు కుట్టమన్నారు. నెలాఖరుకి కచేరీ. ఈ ఏడాదికి ఇంత పని మళ్ళీ రాదు. ఇది జారిపోతే నా టైలరు దుకాణంలో మిషన్లకి గుడ్డ కప్పి, నేను కూడా దానికిందే పడుకోవాలి. ఎదురు రెడీమేడ్ షాపువాడు గోతికాడ నక్కలా చూస్తున్నాడు. నేనొక్క గుండీ తప్పు కుడితే ఆ ఇరవై రెండు వీపులూ వాడివే.

బ్యాండు మాస్టారు ఒక మెలిక పెట్టాడు. కొలతలన్నీ కంప్యూటర్లో రాసి వాళ్ళ కార్యదర్శికి ఇవ్వాలిట. ఆవిడ సరేనంటేనే కత్తెర వెయ్యాలిట. నేనూరుకుంటానా? "ఓస్, అదెంత! మా దగ్గర మూడున్నాయి" అన్నాను. ఉన్నమాటే కదా. కొట్లో ముందు బల్ల మీద విండోస్‌ది. వెనక కటింగు బల్ల దగ్గర నువ్వు కొత్తది కొనుక్కుని మాకు దానం చేసిన మాక్. ఇంట్లో మీ అక్క దగ్గర, చచ్చిందని నేను పారేయబోతే నువ్వు లైనక్స్ పోసి బతికించిన లాప్‌టాప్.

చెప్పుకోవడానికి బానే ఉంది. కానీ ముగ్గురు తోడికోడళ్ళని ఒక వంటింట్లో పెట్టినట్టుంది. ఒకదాన్లో రాసింది ఇంకొకటి తెరవనంటుంది. నిన్న ఒకాయన చెయ్యి కొలత ఇరవై మూడు, గీత, నాలుగు అని కొడితే ఏప్రిల్ ఇరవై మూడు అని చూపించింది. చెయ్యి ఏప్రిల్ దాకా పొడుగుంటే ఆ కోటు నా వల్ల కాదు.

నువ్వు రోజూ వాడుకునేవి, నీకు బాగా నచ్చినవి, ఈ ముగ్గురు తోడికోడళ్ళకీ నచ్చేవి, నాలుగు సాఫ్ట్‌వేర్లు రాసి పంపు.

ఇట్లు,
ఎనిమిదో తరగతి రెండుసార్లు శ్రద్ధగా చదివిన
మీ బావ

తా.క. మీ అక్క తొంగి చూసి, "ఇంత చిన్న సంగతికి నాలుగు పేజీలా?" అంది. సరిగ్గా చూస్తే రెండున్నరే. ఆవిడకి కొలతలు రావు.

*

బావగారికి,

మీరు వాడుతున్న మాక్ తాలూకు పాత యజమాని నమస్కరించి రాయునది.

నన్ను అడిగారు చూడండి, అక్కడే పొరపాటు చేశారు. మా ఆఫీసులో నేను పని చేసేది పావు వంతు, ఏ సాఫ్ట్‌వేర్లో చెయ్యాలా అని ఎంచుకునేది ముప్పావు వంతు. నోట్సు రాసుకోవడానికి పదకొండు సాఫ్ట్‌వేర్లు వేసి చూశాను. ఇప్పుడు పాత బిల్లుల వెనక పెన్సిలుతో రాసుకుంటున్నాను. అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ఒకటే సూత్రం. ఒక్కచోటే గొప్పగా నడిచేది మనకొద్దు, మూడు చోట్లా ఓ మాదిరిగా నడిచేది కావాలి. కొలతలకి లిబ్రె ఆఫీస్ వెయ్యండి, మూడింటిలోనూ ఒకే ఫైలు తెరుచుకుంటుంది. రాయడానికి ముందు ఆ గడులన్నీ 'టెక్స్ట్' అని పెట్టుకోండి, చేతులు ఏప్రిల్‌కి పోవు. ఇంటర్నెట్‌కి ఫైర్‌ఫాక్స్. కుట్టేటప్పుడు పాటలకి వీఎల్‌సీ.

ఇక అసలైనది, ఫోల్డర్లు కలిపే సాఫ్ట్‌వేరు. ఎలా వేయాలో వెనక పేజీలో బొమ్మలతో సహా గీశాను. అది వేస్తే ఒకచోట రాసింది మూడు చోట్లా ఉంటుంది. ఎవరు ఎక్కడ మార్చినా అన్నిచోట్లా మారుతుంది. ఈ ఆఖరి మాట రెండుసార్లు చదవండి, ఎనిమిదో తరగతిలాగే.

ఇట్లు,
పదకొండు సాఫ్ట్‌వేర్ల పెన్సిలు
మీ బావమరిది

తా.క. ఫైలులో కొలతలు మాత్రమే రాయండి. ఖాళీ కనిపిస్తే మీ చెయ్యి ఊరుకోదు. నా పెళ్ళిఫోటో వెనక మీరు రాసింది ఇంకా చెరగలేదు.

*

చిరంజీవి బావమరిదికి,

నీ బొమ్మలు అర్థమయ్యాయి. నీ రాత అర్థం కాలేదు. అంతా కుదిరింది.

వీఎల్‌సీ బంగారం. ఏది పెట్టినా కాదనకుండా మింగుతుంది, మా చిన్నాన్న పోలిక. ఫైర్‌ఫాక్సూ సరే. ఆ ఫోల్డర్ల సాఫ్ట్‌వేరు మాత్రం చాడీల మనిషిలా ఉంది. ఇక్కడ నేను టేపు చుట్టేలోపు అక్కడ మీ అక్కకి తెలిసిపోతోంది.

ఇరవై రెండు మందినీ కొలిచేశాను. ఇప్పుడు మా వృత్తి రహస్యమొకటి చెబుతాను, కడుపులో దాచుకో. టైలరు పైకి అరిచే కొలత వేరు, రాసుకునే కొలత వేరు. మనిషి టేపు చూడగానే పొట్ట లోపలికి పీలుస్తాడు. మనం ముప్పై ఆరు అని గట్టిగా అరవాలి, ఆయన మొహం వెలగాలి, మనం నలభై ఒకటి అని రాసుకోవాలి. మా గురువు నేర్పిన మొదటి పాఠం ఇదే, కాజాలు కుట్టడం తర్వాత. అందుకని ఫైలులో 'అరిచింది' అని ఒక వరస, 'అసలు' అని ఒక వరస పెట్టాను. పక్కన చోటు మిగిలితే 'మనసులో మాట' అని ఇంకొకటి పెట్టాను. నువ్వు వద్దన్నావు నిజమే. ఖాళీ గడి నన్ను చూసి కన్ను కొట్టింది, నా తప్పు లేదు.

బ్యాండు మాస్టారుకి ఏం రాశానో విను. "ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. బాకా ఊదేటప్పుడు వదులుతాడు. ముందు వరుసవాళ్ళు కళ్ళు కాచుకోవాలి." డోలు వాయించేవాడికి, "నడుము ఉన్నట్టు సమాచారం, ఇంకా దొరకలేదు." వేణువు ఆవిడకి, "మెడ కొంగకి అప్పిచ్చేంత ఉంది."

ఈ వరసలు కార్యదర్శి చూస్తే ఎలా అంటావా? బావ ఎవడనుకున్నావు? తెల్ల బట్ట మీద తెల్ల దారంతో కుడితే ఎవడికి కనిపిస్తుంది? పేర్లూ 'అరిచింది' వదిలేసి మిగతా రెండు వరసల అక్షరాలకీ తెల్ల రంగు వేసేశాను. అక్కడే ఉంటాయి, కనబడవు. నాకు కావలసినప్పుడు నల్లగా చేసుకుంటాను. ఈ కిటుకు మీ అక్కకి చూపిస్తే, కళ్ళు పెద్దవి చేసి, "ఏదీ, ఎలా చేశారో ఇంకోసారి చూపించండి" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఇంట్లో నా తెలివికి గుర్తింపు.

రేపు పొద్దున్నే పెన్‌డ్రైవులో వేసి కార్యదర్శికి ఇచ్చేస్తున్నాను.

ఇట్లు,
కంప్యూటరు టైలరు
మీ బావ

తా.క. సాఫ్ట్‌వేర్లు నువ్వు చెప్పావు గానీ, వాడటం మా దగ్గర నేర్చుకోవాలి.

*

బావా,

నమస్కారాలు తర్వాత. ఆ ఫైలు ఇచ్చేశారుట. కాళ్ళు పట్టుకునైనా వెనక్కి తెచ్చుకోండి.

కాగితం తెల్లగా ఉంటుంది గానీ కంప్యూటరు తెర అందరికీ తెల్లగా ఉండదు. కళ్ళు మండకుండా చాలామంది నల్ల తెర పెట్టుకుంటారు. నేనూ అంతే. దాని మీద మీ తెల్ల దారం పగలే చుక్కలు చూపిస్తుంది.

పదిసార్లు ఫోను చేశాను. మిషను చప్పుడులో మీకు వినపడదు. అక్కకి చేస్తే, "అది వెళ్ళి మూడు రోజులైందిరా, చూద్దాంలే" అని నవ్వి పెట్టేసింది. అక్క నవ్వితే నాకు చిన్నప్పట్నించీ భయం.

ఇట్లు,
గాభరాలో
మీ బావమరిది

తా.క. డోలు ఆయన చేతిలో రెండు కర్రలుంటాయి. దుకాణానికి వెనక తలుపు ఉందా?

*

చిరంజీవి బావమరిదికి, బహుశా ఆఖరి ఆశీర్వాదం.

నీ ఉత్తరం అందింది, అగ్గి చల్లారాక నీళ్ళు అందినట్టు. కార్యదర్శి తెర నలుపేనట. ఆవిడ తెరిచిందిట, చదివిందిట, చదివి ఒక్కతే ఎందుకు బాధపడాలని సాధనకి వచ్చిన ఇరవై రెండు మందికీ పైకి చదివి వినిపించిందిట. బ్యాండు మాస్టారు కబురు పెట్టాడు. "రేపు సాయంత్రం అందరం కొట్టుకి వస్తున్నాం" అన్నాడు. కొట్టుకి వస్తున్నారో కొట్టడానికి వస్తున్నారో చెప్పలేదు.

వాళ్ళ కంప్యూటర్లో ఉన్నది ఇక్కడ్నించి చెరిపే సాఫ్ట్‌వేరు ఉందా? మూడింటిలో నడవక్కర్లేదు, ఒక్కదాన్లో నడిచినా చాలు.

నా నోరు ఊరుకోదని మా అమ్మ పెదాలు కుట్టేస్తాననేది. అప్పుడే కుట్టించుకోవలసింది. ఇప్పుడు చేతులు కూడా కుట్టాలి. రెడీమేడ్ వాడు ఇన్నేళ్ళలో మొదటిసారి రోడ్డు దాటి వచ్చి, "ఆరోగ్యం ఎలా ఉందన్నా?" అని అడిగాడు. కొట్టు అద్దె ఎంతో కూడా అడిగాడు.

మీ అక్క మాత్రం కూనిరాగం తీస్తూ కాజాలు కుట్టుకుంటోంది. "పని పోయేట్టుందే" అంటే, "పోదులెండి" అంది. ఎలా పోదు అంటే దారం కొరికింది, అంతే.

ఇట్లు,
ఇంకా కొలతల్లో ఉన్న
మీ బావ

తా.క. వెనక తలుపు ఉంది. నేను పట్టను.

*

చిరంజీవి బావమరిదికి,

నీ జవాబు కోసం ఆగలేక రాస్తున్నాను. బతికే ఉన్నాను. పని కూడా బతికింది!

ఇరవై రెండు మందీ వచ్చారు. బ్యాండు మాస్టారు నా ఎదురుగా నిలబడి, "ముప్పై ఆరు అని అరిచి నలభై ఒకటి రాశావా?" అన్నాడు.

"రాశానండి" అన్నాను, కళ్ళు మూసుకుని.

"పోయినసారి కుట్టినవాడు అరిచిందే కుట్టాడయ్యా. రెండో పాటకి గుండీ ఎగిరి కార్యదర్శి కళ్ళజోడు పగిలింది. నువ్వు అసలుకే కుట్టు" అన్నాడు.

అని ఊపిరి వదిలాడు. నలభై ఒకటి కాదు, నలభై ఒకటిన్నర. మా గురువు మీద ఒట్టు.

అర్థం కానిదల్లా ఒకటే. ఎవరి మొహాన కోపం లేదు సరికదా, అందరూ నా పొట్ట వంక చూసి ఒకటే నవ్వు. వేణువు ఆవిడ వంగి మరీ నా గడ్డం కింద ఏదో వెతికింది. డోలువాడు కర్రతో నా బెల్టు చూపించి, "నాలుగేనా, అయిదో కన్నం కూడా పొడిచారా?" అన్నాడు. మీ అక్క లోపల్నించి అందరికీ మంచినీళ్ళు తెచ్చింది. ఆవిణ్ణి చూసి చప్పట్లు కొట్టారు! నా మాటకారితనానికి పడిపోయి ఉంటారు, ఇంకేముంది.

ఇంకో తమాషా. ఇరవై రెండు కాదుట, ఇరవై మూడు కోట్లు కావాలిట. కొత్త మనిషెవరో చెప్పలేదు, కొలతలు చీటీ మీద కొట్టి ఇచ్చారు. నడుము నలభై నాలుగు, మెడ దగ్గర గీత పెట్టి వదిలేశారు! నాకు ఆగలేదు. చీటీ వెనక నా మనసులో మాట రాసేశాను. "ఈ గుమ్మడికాయ ఎవరో గానీ, వీడితో కాపురం చేస్తున్న ఇల్లాలి ఓర్పుకి నా నమస్కారం."

ఇట్లు,
ఇరవై మూడు కోట్ల
మీ బావ

తా.క. చీటీ మీదే రాశాను, ఫైలులో కాదు. మనిషన్నాక బుద్ధి రావాలి.

*

బావగారికి,

నమస్కారం. కొట్లో కంప్యూటరు సెట్టింగుల్లో తెర నల్లగా మార్చి ఆ ఫైలు తెరవండి. కూర్చుని తెరవండి.

'మనసులో మాట' పక్కన ఇంకో వరస కనిపిస్తుంది. దాని పేరు 'రాసినాయన సంగతి'. మీరు తెల్ల దారం కిటుకు రెండోసారి చూపించిన ఆ రోజే, ఇంటి లాప్‌టాప్‌లో అక్క కుట్టింది. అక్కడ రాస్తే అన్నిచోట్లా ఉంటుందని చెప్పాను కదా, మీరు ఒక్కసారే చదివారు.

బ్యాండు మాస్టారు ఊపిరి మాట పక్కన, "రాసినాయన రోజూ అద్దం ముందు ఇదే పని." డోలు ఆయన నడుము పక్కన, "రాసినాయన బెల్టుకి కన్నాలు నేనే పొడుస్తాను. ఇప్పటికి నాలుగు." కొంగమెడ పక్కన, "రాసినాయనకి మెడ లేదు. కాలరు భుజాలకే కుట్టాలి." ఇలా ఇరవై రెండూ ఉన్నాయి. కార్యదర్శి రెండూ కలిపి చదివేసరికి, ఎవరి మాట వాళ్ళకి తగిలేలోపే పక్కది వినబడి నవ్వు ఆగలేదుట. ఆవిడే అక్కకి ఫోను చేసి చెప్పింది, అక్క నాకు అన్నీ చదివి వినిపించింది.

అట్టడుగున నాకూ ఒక గడి ఉంది. "మా తమ్ముడు. సాఫ్ట్‌వేర్లు పదకొండు. పని సున్నా."

ఇంతకీ ఇరవై మూడో కోటు ఎవరిదో ఇంకా తెలియలేదా? కచేరీకి మిమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెడతారుట, గుండీ ఎగిరితే పట్టుకోవడానికి. కొలతలు కార్యదర్శి అడిగితే అక్క పంపింది. మీరు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే టేపు పెట్టి తీసిందిట. నిద్రలో ఊపిరి బిగబట్టరు కదా.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఈ తా.క. తమ్ముడి రాత కాదు. ఉత్తరం ముందు నా చేతికొచ్చింది, విప్పి చదివాను. కొట్టు బల్ల మీద మీరు వదిలేసిన చీటీ కూడా బ్యాండువాళ్ళు చూసి నాకు చూపించారు. నమస్కారం అందింది.