తోడు ప్రోటీన్

చెల్లీ రూతూ,

నువ్వు చనిపోయిన రోజు మళ్లీ వచ్చింది. నీ కూతురి బొటనవేళ్లు ఎందుకంత వెడల్పో, మాటలు ఎందుకంత ఆలస్యమో బెంగళూరు డాక్టరమ్మ ఇప్పటికి చెప్పింది. జన్యువును మేల్కొలిపే ప్రోటీన్ ఒక్కటే చాలదట. బిగిసిన డీఎన్ఏ చుట్టను వదులుచేసి దానికి సాయపడే తోడు ప్రోటీన్ కూడా కావాలట. బిడ్డకు ఆ తోడే తక్కువ. నీ నుంచి వచ్చింది కాదట, పిండంలోనే కొత్తగా పుట్టిన లోపమట.

బిడ్డను తీసుకుని ఊరిగాంలో మీ అత్తింటికి వెళ్లి, ఆమెకు అదే చెప్పాను.

“ఆ తోడు తక్కువైంది యాడమ్మా? దాని కడుపులోనే గదా!” అంది.

సాయంత్రం ఇంటి ప్రార్థనలో ఎప్పటిలాగే మోకరించి, “బిడ్డను ఇట్ల కన్న నా కోడలి పాపం క్షమించు ప్రభువా” అంది.

అందరికంటే ముందు, నవ్వుతూ, నీ కూతురే “ఆమెన్” అంది.