శనగచేలో పాత చెప్పు

ఆళ్లగడ్డ

చిరంజీవి వినీతకు అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. బర్రె ఈనింది, పెయ్యదూడ. నంద్యాలలో నువ్వు వేళకు తింటున్నావని రాశావు, నమ్మినట్టే నటిస్తున్నాను. ఈ సంగతి ఫోన్‌లో చెప్పబోతే నవ్వొచ్చి మాట సాగదు, అందుకే ఉత్తరం.

ఎండుతెగులు సంగతి అర్థమైందా అని అడిగావు. అయింది. వేరులోకి బూజు చొరబడగానే మీ పరిశోధనా కేంద్రం విత్తనంలోని జన్యువులు కొన్ని ప్రోటీన్లను తయారుచేయిస్తాయి, అవి బూజును గుర్తుపట్టి, మొక్కలో నీళ్లు పారే గొట్టాల దాకా పోనివ్వకుండా అడ్డుకుంటాయి. అంతేగా? ప్రోటీనంటే పప్పులో ఉండేదనే అనుకున్నా. అందులో కాపలా కాసే రకాలు కూడా ఉంటాయా తల్లీ!

చేనులో ఏటా తెగులు సోకే మూలలో ఒకపక్క మీ విత్తనం, మరోపక్క మన పాత విత్తనం వేసిపోయావు కదా. పాతవి వాలిపోయాయి. కాండం చీలిస్తే లోపల నల్లగీత. మీవి మాత్రం పచ్చగా, కొమ్మకొమ్మకూ కాయలతో ఉన్నాయి. చూస్తే నాకు కడుపు నిండిపోయింది.

మీ నాయన ఒప్పుకుంటేగా! మొక్కలు చావడం చూడలేనని ఆ మూలకే పోవడం మానేశాడు. మానేసే ముందు మాత్రం దిష్టి తగలకుండా మీ విత్తనం సాళ్లలో కర్ర పాతి తన పాత చెప్పు కట్టాడు. పచ్చగా ఉన్నాయని నేను చెప్పగానే, "ఇత్తనం గాదు, నా చెప్పు కాపాడింది" అని ఊరంతా చాటింపు వేశాడు.

ఇక నీ దగ్గర దాచిన మాట. ఈ ఏడు కూడా శనగ పోతే చేను పక్కచేను కృపావరానికి కౌలుకిచ్చి సేద్యం మానేస్తానన్నాడు. నీ విత్తన పరీక్ష మీద ఆ భారం పడకూడదని చెప్పలేదు. చెప్పును నమ్మి మళ్లీ పాత విత్తనమే వేస్తే చేను పోయినట్టే. అందుకే నిన్న ఆయన చెయ్యి పట్టుకుని ఆ మూలకు లాక్కుపోయాను.

చెప్పు ఎండిన సాళ్లలో వేలాడుతోంది. కట్టిన మరునాడే కర్రతో సహా పీకి అక్కడ పాతింది నేనే. పరీక్షలు నువ్వే చేయాలా ఏం?

మీ నాయన చెప్పును చూశాడు, పచ్చగా ఉన్న మీ సాళ్లు చూశాడు, నా మొహం చూశాడు. గట్టు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"కృపావరంతో నేను మాట్లాడ్తా. చేను నేనే చేస్తాండా. బిడ్డకు రాయి, వచ్చే ఏడు చేనంతా దాని ఇత్తనమే."

ఆ చెప్పు ఇంటికి తెచ్చి కడిగాడు. ఇప్పుడు దాని జత కోసం అటక మీద వెతుకుతున్నాడు. రేపు తొడుక్కుని చేనికి పోతాడట.

ఇట్లు,
నిన్ను చూసి మురిసిపోతున్న
అమ్మ