కబురు అందని ముప్పై రెండు రోజులు

బషీరాబాద్,
ఆదివారం.

సరిహద్దు కొండల మీదున్న దశరథ్ గారికి, అంబిక దండాలతో రాసేది. ఇక్కడ అత్తమ్మ, నేను, మందలో జీవాలు అందరం బాగున్నాం. మీరు ఆ చలిలో చెవులు కప్పుకుని క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం మొన్న శుక్రవారం అందింది, ముప్పై రెండు రోజుల తర్వాత. మంచుకు దారులు మూసుకుపోయాయని, ఫోన్లు పనిచేయడం లేదని రాశారు. దానికి మీరేం చేస్తారు? నేను కోప్పడటం లేదు. కొంచెం కోప్పడుతున్నాను.

నల్లగొర్రె ఈనిందా అని అడిగారు. ఈనింది. ఆడపిల్ల, నుదుట తెల్లమచ్చ. ఇల్లంతా దానిదే.

మాటిమాటికీ వికారాబాద్ ఎందుకు పోతున్నావని కూడా అడిగారు. నేను కంప్యూటర్లు చూసుకునే మా దవాఖానకు తాండూరులో ఒక సర్వర్, వికారాబాద్‌లో ఒక సర్వర్ ఉన్నాయి. రోగుల వివరాలన్నీ తాండూరుది చూసుకుంటుంది. రెండోది నకలు పెట్టుకుని సిద్ధంగా కూర్చుంటుంది. తాండూరుది ప్రతి సెకనూ ‘ఉన్నాను’ అని దానికి కబురు పంపుతుంది. ఆ కబురు ఆగిపోతే రెండోది పని అందుకోవాలి. ఎంతసేపు చూసి అందుకోవాలో చెప్పేది నేను. పది సెకన్లు పెట్టాను. తొందర మనిషినని మీకు తెలిసిందే కదా.

పోయిన వారం రోడ్డు తవ్వుతూ మధ్యలో కేబుల్ తెంపారు. తాండూరుది నిక్షేపంగా ఉంది, దాని కబురే అందలేదు. పది సెకన్లకే వికారాబాద్‌ది పని అందుకుంది. అరగంట సేపు రెండూ తామే పెద్ద అనుకున్నాయి. ఒకే నంబరు ఇద్దరు రోగులకు పడింది. ఒకరి రక్తపరీక్ష ఇంకొకరి పేరు కింద చేరితే, నర్సు పద్మారాణి చూసి ఆపింది కాబట్టి సరిపోయింది.

మా పెద్దసారు వెంకటేశం అరవలేదు. “కబురు రాకుంటె అది లేనట్టేనా, బిడ్డా? జర ఇంకొకల్లను అడగాలె గద” అన్నాడు. నేను బొటబొటా ఏడ్చేశాను. పాపం ఆయనే పరేషానై చాయ్ తెప్పించాడు.

ఇప్పుడు నవాబుపేటలోని మా చిన్న క్లినిక్‌లో మూడో యంత్రం పెట్టాను. తాండూరు కబురు ఆగితే వికారాబాద్‌ది ముందు దాన్ని అడుగుతుంది. దానికీ అందకపోతేనే పని అందుకుంటుంది. తర్వాత తాండూరుది కోలుకున్నా కుర్చీ దానంతటదే లాక్కోదు. మధ్యలో జరిగిందంతా సరిచూసి నేనే అప్పగించాలి.

సర్వర్ల గురించి ఇంత రాశానంటే, అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదని.

మీ కబురు ఆగిన పదో రోజుకు అత్తమ్మ తిండి మానేసింది. రొట్టె తుంచి పళ్లెంలోనే పెట్టేది. చూడలేక మీ పేరుతో నేనే ఉత్తరం రాసి, పోస్టులో వచ్చిందని చదివి వినిపించాను. ఆ పూట తిన్నది. వారం తర్వాత ఇంకొకటి రాశాను. వచ్చే నెల సెలవు మీద వస్తున్నానని కూడా రాసేశాను. మిమ్మల్ని అడగకుండా మీ చోట్లో కూర్చున్నాను.

శుక్రవారం మీ అసలు ఉత్తరం వచ్చింది. ఇంకో నాలుగు నెలలదాకా సెలవు లేదని ఉంది. ఒక రోజంతా బియ్యం డబ్బాలో దాచి, నిన్న చదివాను. అత్తమ్మ చివరిదాకా విని నా చెయ్యి పట్టుకుంది.

“ఇది వానిది. మొదటి మాటే గొర్రెలను అడిగిండు. ముందటి రెండిట్ల నా మోకాళ్లను అడిగిండు. నా మోకాళ్ల నొప్పి వానికేం ఎరుక? నీకే ఎరుక.”

ఎరుకుండి ఎందుకు ఊకున్నవని అడిగాను.

“నువ్వు సదువుతుంటె మనిద్దరికీ ఇంత బువ్వ దిగింది గద, బిడ్డా.”

తప్పు చేశాను. మీ కుర్చీ మీకు అప్పగిస్తున్నాను. ఇకమీద ఏమీ లేకున్నా ‘ఉన్నాను’ అని ఒక్క ముక్క రాసి పెట్టుకోండి, దారి తెరిచినప్పుడు అన్నీ కలిపి పంపండి. మోకాళ్ల సంగతి మాత్రం అడగకండి. అడిగితే మళ్లీ నేనే రాశాననుకుంటుంది.

ఇంకొక్క మాట. ఆ రెండు ఉత్తరాల చివర, అంబికను తలుచుకోని రోజు లేదని మీ పేరుతో నేనే రాసుకున్నాను. అత్తమ్మకు చదివేటప్పుడు ఆ వాక్యం మింగేశాను. అది మీ మాటేనో కాదో నాకు తెలియదు. మీరే మీ చేత్తో రాయాలి.

ఇట్లు,
ఎదురుచూసే మీ ఇంటిది,
అంబిక