కుళాయిలో కరెంటు

నాన్నకి,

నమస్కారాలతో రాస్తున్నాను. అమ్మా నేనూ కులాసా. మీ మోకాలి నొప్పి తగ్గిందని రాశారు. నేను సగమే నమ్మాను, అమ్మ అదీ నమ్మలేదు.

కొనబోయే ఇంటి గురించి అడిగారు. వంటింట్లో వెలుతురు బాగుంది, మేడకి పిట్టగోడ ఉంది. "ఇంటాయనతో గొడవేం పెట్టుకోలేదుగా?" అన్నదానికి కాస్త ఆగి జవాబు చెప్తాను.

మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడే అమ్మకి ఇల్లు తెగ నచ్చేసింది. వంటింటి కుళాయి తిప్పి, హీటరు నుంచి వచ్చే వేణ్ణీళ్ళతో చేతులు కడుక్కుని, ఏదో గెలిచినదానిలా నవ్వింది. నేను మాత్రం ఒక స్విచ్చిబోర్డు విప్పించాను. పైన తళతళలాడే కొత్త స్విచ్చిలు, లోపల తొక్క ఊడిపోయిన పాత వైర్లు. పైన పటారం, లోన లొటారం. "వైరింగంతా కొత్తదేనమ్మా" అన్నాడు ఇంటాయన. నేను విద్యుత్ భద్రత కరపత్రాలు కంఠతా పట్టినదాన్నని ఆయనకేం తెలుసు.

రెండోసారి టెస్టరు పట్టుకెళ్ళాను. నీళ్ళ హీటరు వేయించి కుళాయికి ఆనిస్తే, టెస్టరులో దీపం వెలిగింది. ఎర్తు వైరుని భూమిలోకి దించకుండా నీళ్ళ గొట్టానికి చుట్టేసి చేతులు దులుపుకున్నారు. హీటరులో లీకయ్యే కరెంటంతా కుళాయిలోకే.

అమ్మ మొహం పాలిపోయింది. "ఆ రోజు నాకూ చెయ్యి జివ్వుమంది. సొంతిల్లు కదా, ఒళ్ళు పులకరించిందనుకున్నానే" అంది మెల్లగా.

ఇంటాయన తేలిగ్గా నవ్వి, పాత ఇళ్ళన్నాక ఇవన్నీ మామూలే, నచ్చితే కొనండి అన్నాడు. ఇదిగో మీ ప్రశ్నకి జవాబు: పెట్టుకున్నాను నాన్నా, వీధంతా వినేలా. సాటి మనిషి ప్రాణం కూడా మామూలేనా అని అడిగాను. ఈ ఇల్లు మాకక్కర్లేదని కూడా అనేశాను, మిమ్మల్ని అడక్కుండా, అమ్మ వైపైనా చూడకుండా. అన్నాకే అమ్మ వైపు చూశాను.

"చిన్నపిల్ల మాటలు పట్టించుకోకండి" అన్నాడాయన అమ్మతో.

అమ్మ చెప్పులు తొడుక్కుంది. "మా ఇంట్లో కరెంటు సంగతి చిన్నపిల్లే చూస్తుందండీ. అది వద్దంటే వద్దే."

వీధి మలుపు దాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నేను చదివిన కథల్లో ఏ వీరుడూ అంత నిబ్బరంగా నడవలేదు.

వారం తిరక్కుండా ఆయనే కబురు పెట్టాడు, వైర్లన్నీ మార్పిస్తాను, ఎర్తు వేయిస్తాను అని. ఎర్తు కోసం గొయ్యి తవ్వుతున్నంతసేపూ నేను పక్కనే నిలబడ్డాను. "అమ్మాయిగారూ, తేడా వస్తే ఇందులో నన్నే పూడ్చేసేలా ఉన్నారే" అన్నాడు ఎలక్ట్రీషియను. అవునన్నాను.

నిన్న మళ్ళీ హీటరు వేసి టెస్టరు ఆనించాను. వెలగలేదు. ఇక మీరు ఊఁ అనడమే తరువాయి.

అమ్మ నన్ను పక్కకి నెట్టి, కుళాయి పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. చుక్క కరెంటు లేదు నాన్నా. అయినా ఒళ్ళు పులకరించిందట.

ఇట్లు,
వీధిలో మీ పరువు తీసి, ఇంట్లో నిలబెట్టిన
మీ కూతురు