రెక్క మీద మన ఇంటిపేరు

అక్కకి,

షూటింగు మధ్యలో నా ఉత్తరాలు చదివి నవ్వుకుంటావని తెలుసు. ఇది నవ్వే ఉత్తరం కాదు. వచ్చే నెల మా ఫ్యాక్టరీ కొత్త విమానం నువ్వు ఎక్కొద్దు.

పత్రికలో చూశాను. పెద్ద హీరోయిన్‌వైన నీ ఇంటిపేరూ, విమానం రెక్క మీద రాసిన మా యజమాని ఇంటిపేరూ ఒకటేనని మా ఫ్యాక్టరీవాళ్లు నిన్ను తొలి ప్రయాణానికి పిలిచారట. ఆయనకీ మనకీ ఏ చుట్టరికమూ లేదని మనిద్దరికే తెలుసు. నేను చేరిన రోజు తనిఖీ మేస్త్రి నా కార్డు మీద ఇంటిపేరు చూసి లేచి నిలబడ్డాడు. "అయ్యగారి బంధువులా అమ్మా?" అన్నాడు. కాదని చెప్పబోయి నవ్వేశాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని నాన్న మనల్ని ఏడిపించేవాడు కదా, ఆ దిబ్బ మీద మొదటిసారి ఎవరో కుర్చీ వేశారు, కూర్చున్నాను. అందరి పనీ లైటు వేసి వెతికే ఆ మనిషి, అప్పటినుంచి నా పనికి మాత్రం చూడకుండానే ముద్ర వేస్తాడు.

మొన్న కుడి రెక్క రేకుకి రంధ్రాలు వేస్తుంటే డ్రిల్లు జారింది. రంధ్రం అంచుకి మరీ దగ్గరగా పడి రేకు సన్నగా చీలింది. ఆ రేకు తీసేసి కొత్తది వెయ్యాలి. అంతలో మేస్త్రి వస్తూ కనిపించాడు. అయ్యగారి బంధువుకి డ్రిల్లు పట్టుకోవడం కూడా రాదంటారని సిగ్గేసింది. రేకులు బిగించే రివెట్ కొట్టి, దాని తల కింద చీలిక కప్పేశాను. ఆయన ముద్ర వేసి, "మీ చేతిపనే వేరమ్మా" అని వెళ్లిపోయాడు. అన్నం సయించడం లేదక్కా. ఇప్పుడు చెప్తే ఆయన ఉద్యోగం పోతుంది. నువ్వే జ్వరమనో, డేట్లు లేవనో చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను.

నీ పిచ్చుక

---

పిచ్చుకా,

నేనొక్కదాన్ని ఎక్కకపోతే సరిపోతుందా? ఆ విమానం నడిపే ఆయనకి ఫ్యాక్టరీలో చెల్లెలు లేదుగా. జ్వరం తెచ్చుకోమని ఆయనకెవరు రాస్తారు?

నిన్ను తిట్టే మొహం నాకూ లేదు. నాకు మొదటి వేషమిచ్చిన నిర్మాత కూడా నేను విమానాలవాళ్ల అమ్మాయిననే అనుకున్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. కాకపోతే నేను సరిగ్గా ఏడవకపోతే ఆ సీను మళ్లీ తీస్తారు.

నేను ఎక్కుతున్నాను. పైలట్ పక్క సీటులోనే. మాటిచ్చాను, వెనక్కి తీసుకోను. ఈలోగా ఏం చెయ్యాలో నీకు తెలుసు.

అక్క

---

అక్కా, మొండిదానా,

నిన్నంతా నిన్ను తిట్టుకున్నాను. ఈ ఉదయం వెళ్లి మేస్త్రికి చెప్పేశాను, చీలిక సంగతీ, చుట్టరికం సంగతీ. ఆయన కళ్లజోడు తుడుచుకుని వచ్చి రివెట్ ఊడదీశాడు. చీలిక పక్క రంధ్రం దాకా పాకింది. రెక్క దించేశారు. నీ ప్రయాణం ఆగిపోయింది. మా ఇద్దరినీ పనిలోంచి తీసేశారు.

గేటు దగ్గర ఆయన కాళ్ల మీద పడబోతే ఆపేశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇన్నాళ్లూ నీ పని ఒక్కటీ చూళ్లేదమ్మా," అన్నాడు. "అసలు నీకు పని వచ్చో రాదో కూడా నాకు తెలీదు."

నాకూ తెలీదక్కా.

పిచ్చుక